ఐఎన్‌బీడీఈకి దేనితో చదవాలి: ప్రశ్నల బ్యాంకా, కోచింగా, పాత నోట్సా?

అమెరికాలో డెంటిస్ట్‌గా లైసెన్స్ కావాలంటే రాయాల్సిన జాతీయ స్థాయి రాత పరీక్ష ఐఎన్‌బీడీఈ. దీన్ని రాయబోతున్నామని నలుగురికీ తెలిస్తే చాలు, వారం తిరక్కుండా ఫోన్ నిండిపోతుంది. ఒకరు వేల పేజీల పీడీఎఫ్‌లు పంపిస్తారు. ఇంకొకరు ఫలానా కోర్సు తీసుకోకపోతే కష్టమంటారు. మరొకరు ప్రశ్నలు చేసుకుంటూ పోతే చాలు, పుస్తకం ముట్టనక్కర్లేదంటారు. ముగ్గురూ పాసైనవాళ్లే కాబట్టి ఎవరి మాటా కొట్టిపారేయలేం. కాకపోతే వాళ్లు చదువు పూర్తయిన ఎన్నేళ్లకు రాశారు, ఉద్యోగం చేస్తూ చదివారా, ఏ సబ్జెక్టులో ముందునుంచే గట్టివాళ్లు అన్న సంగతులు మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సలహా మనకు పనికొస్తుందో లేదో తేలేది వాటితోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక మంచి ప్రశ్నల బ్యాంకును ప్రధానంగా పెట్టుకోండి. వీడియోలు, పుస్తకాలు, ఫ్లాష్ కార్డులు, కోచింగ్, ఇవన్నీ ఆ ప్రశ్నలు చేస్తున్నప్పుడు ఎక్కడ తడబడుతున్నారో అక్కడ మాత్రమే వాడండి. ఈ క్రమం అందరికీ నప్పదు. ఎవరికి నప్పదో కూడా చెబుతాను. ముందు పరీక్ష తీరు ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఏది కొనాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

పరీక్ష ఏమడుగుతోంది?

ఈ పరీక్షను నిర్వహించేది జేసీఎన్‌డీఈ అనే జాయింట్ కమిషన్. 2020 ఆగస్టు 1న ఐఎన్‌బీడీఈ మొదలైంది. అంతకుముందు ఎన్‌బీడీఈ పార్ట్ 1, పార్ట్ 2 అని రెండు వేర్వేరు పరీక్షలు ఉండేవి. మొదటిది అనాటమీ, బయోకెమిస్ట్రీ లాంటి బేసిక్ సైన్సులు, రెండోది క్లినికల్ సబ్జెక్టులు. ఇప్పుడు ఆ గోడ లేదు. ఒకే ప్రశ్నలో ఫార్మకాలజీ, పెరియో (చిగుళ్ల వైద్యం), పేషెంటు ఆరోగ్య చరిత్ర కలిసి వస్తాయి.

మొత్తం 500 ప్రశ్నలు, రెండు రోజులు. మొదటి రోజు 360: వందేసి విడి ప్రశ్నల విభాగాలు మూడు, ఆ తర్వాత కేసుల మీద 60. రెండో రోజు 140, అన్నీ కేసులే, డెబ్బయ్యేసి రెండు విభాగాలు. ప్రతి విభాగానికీ 105 నిమిషాలే. లెక్కేస్తే విడి ప్రశ్నకు 63 సెకన్లు, మొదటి రోజు కేసు ప్రశ్నకు 105 సెకన్లు, రెండో రోజు 90 సెకన్లు. విడి ప్రశ్న దగ్గర ఆలోచిస్తూ కూర్చునే వీల్లేదు. కేసుల దగ్గర ఆ టైం చార్టు చదవడానికీ ఎక్స్‌రే చూడటానికీ సరిపోతుంది.

ఫలితం 49 నుంచి 99 వరకు ఉండే స్కేలు మీద తేలుస్తారు. పాస్ గీత 75. పాసైతే చేతికొచ్చేది 'పాస్' అన్న ఒక్క మాటే, అంకె ఉండదు. తప్పితే మాత్రం స్కోరు, ఏ భాగంలో ఎలా చేశారన్న వివరం ఇస్తారు. అంటే 76కీ 95కీ తేడా ఎవరికీ కనపడదు. అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ (బయట చదివిన డెంటిస్టులను మధ్యలో చేర్చుకునే కోర్సు) సీట్లకు దరఖాస్తులు చూసే కాలేజీలకు కూడా కనపడదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం కొనుగోళ్లు ఆగిపోతాయి. ర్యాంకు కోసం చదివి అలవాటైన మనకు ఇది ఒంటబట్టడానికి కాస్త సమయం పడుతుంది. 'ఏదీ వదలకూడదు' అన్న పట్టుదలతో మూడు కోర్సులు కొనేవాళ్లు ఎక్కువగా కాలేజీలో బాగా చదివినవాళ్లే.

సిలబస్ బరువు కూడా చూసుకోవాలి. రోగ నిర్ధారణ, చికిత్స ప్రణాళికకు దాదాపు 36 శాతం. నోటి ఆరోగ్య నిర్వహణకు 42 శాతం. మిగిలిన 22 శాతం 'ప్రాక్టీస్ అండ్ ప్రొఫెషన్', అంటే ఎథిక్స్, పేషెంటుతో మాట్లాడే తీరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, చట్టాలు, పరిశోధన ఫలితాలు చదవగలగడం. 500లో 22 శాతమంటే సుమారు 110 ప్రశ్నలు. వేరే దేశంలో చదివి వచ్చినవాళ్లు తరచు చివరి వారానికి నెట్టేసేది దీన్నే. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఒక కేసు విప్పి చూద్దాం

కేసు ప్రశ్నలకు పైన ఒక పేషెంట్ బాక్స్ ఉంటుంది. అందులో వయసు, ప్రధాన ఫిర్యాదు, ఆరోగ్య చరిత్ర, ఇప్పుడు కనపడుతున్నవి క్లుప్తంగా ఇస్తారు. ఆ తరహాలో నేను అల్లినది ఒకటి చూడండి.

పురుషుడు, 66 ఏళ్లు. ఫిర్యాదు: "కింద కుడివైపు పన్ను బాగా కదులుతోంది, తీసేయండి." చరిత్ర: కృత్రిమ గుండె కవాటం, టైప్ 2 డయాబెటిస్, పెనిసిలిన్ వాడినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు. మందులు: వార్ఫరిన్, మెట్‌ఫార్మిన్. పరీక్షలో: 30వ పన్ను పైకీ కిందికీ కూడా కదులుతోంది, చుట్టూ 9 మి.మీ. పాకెట్లు.

పన్ను తీసే ముందు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి? కవాటం ఉంది కాబట్టి ముందుజాగ్రత్త మోతాదు కావాలి. అమాక్సిసిలిన్ పెనిసిలిన్ జాతిదే, కుదరదు. సెఫలెక్సిన్ గుర్తొస్తుంది, కానీ పెనిసిలిన్‌తో దద్దుర్లు లేచిన మనిషికి అదీ ఇవ్వకూడదు. చాలామంది వేలు ఇక్కడ క్లిండామైసిన్ మీదికి పోతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని ఈ జాబితాలోంచి తీసేసింది. మిగిలేవి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. లేదా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. లాంటివి, పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు. ఆ కింది ప్రశ్న రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మీద రావచ్చు: ఆపమంటారా, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె) చూసి, రక్తస్రావాన్ని స్థానికంగా అదుపు చేసుకుంటూ తీస్తారా? ఇంకో ప్రశ్న ఈ చిగుళ్ల జబ్బు ఏ స్టేజి అని. మరొకటి, పేషెంటు 'యాంటీబయాటిక్ వద్దు, పన్ను మాత్రం తీయండి' అని మొండికేస్తే ఏం చేస్తారని.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. కాకపోతే కవాటం మెడిసిన్ భాగంలో, క్లిండామైసిన్ ఫార్మకాలజీలో, పాకెట్లు పెరియోలో, పేషెంటు మాట ఎథిక్స్‌లో ఉంటాయి. నాలుగూ విడివిడిగా బాగా చదివినవాళ్లు కూడా ఒకేచోట ఎదురైనప్పుడు తికమక పడతారు. ఆ కలిపే పని రోజూ చేయించేది ప్రశ్నల బ్యాంకు. నేను దాన్ని ముందు పెట్టడానికి కారణం ఇంతే.

పాత నోట్సు: ఉచితమే, కానీ

సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చే నోట్సు, కార్డుల స్కాన్లు చాలావరకు పాత ఎన్‌బీడీఈ కాలానివి. వాటిలో బేసిక్ సైన్సులు ఇప్పటికీ పనికొస్తాయి. ట్రైజెమినల్ నరం శాఖలు మారలేదు, పళ్లు వచ్చే వయసులూ మారలేదు. అనాటమీ, ఓరల్ హిస్టాలజీ, డెంటల్ అనాటమీ వరకు ఆ నోట్సు హాయిగా చదువుకోవచ్చు.

క్లినికల్ భాగమే ప్రమాదం. క్లిండామైసిన్ సంగతి పైన చూశారు. పెరియోలో 'క్రానిక్', 'అగ్రెసివ్' అన్న విభజన 2017 వరల్డ్ వర్క్‌షాప్‌తో పోయింది. 2018లో ప్రచురించిన కొత్త వర్గీకరణలో స్టేజి 1 నుంచి 4, గ్రేడ్ ఏ నుంచి సీ. పాత నోట్సు నూరిపోసుకున్నవాళ్లకు ఇక్కడ రెండుసార్లు పని, ముందు మరచిపోవడం, తర్వాత నేర్చుకోవడం. కృత్రిమ మోకాలి కీలు ఉన్నవాళ్లకు పంటి పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలని పాత కాగితాల్లో కనపడుతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకం ప్రకారం సాధారణంగా అది అక్కర్లేదు. బిస్ఫాస్ఫోనేట్ల వల్ల దవడ ఎముక చచ్చిపోవడాన్ని బీఆర్ఓఎన్‌జే అని రాసి ఉంటే ఆ పేజీ 2014కు ముందుదని అర్థం. వేరే మందులతో కూడా వస్తోందని తేలాక ఎంఆర్ఓఎన్‌జే అని మార్చారు.

ఇంకో రకం కాగితాలున్నాయి. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుని రాసిన ప్రశ్నలు. వాటి జోలికి పోవద్దనే చెబుతాను. పరీక్షలోని ప్రశ్నలు బయటపెట్టడం, అలా బయటికొచ్చినవి వాడటం రెండూ జేసీఎన్‌డీఈ నియమాలకు విరుద్ధం, ఫలితం రద్దయ్యే దాకా పోవచ్చు. లైసెన్స్ కోసం ఇంత కష్టపడుతూ దాన్నే పణంగా పెట్టడం దండగ. పైగా సగం ప్రశ్న గుర్తుండి, సగం ఊహించి రాసిన వాటికి జవాబులు కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు పెడతారు. తప్పు జవాబును అంత శ్రద్ధగా బట్టీ పట్టే అవకాశం ఇంకెక్కడా దొరకదు.

ప్రశ్నల బ్యాంకు కొనే ముందు

ఇప్పుడు మార్కెట్లో ఉన్నవన్నీ వేల ప్రశ్నలని ప్రకటించుకుంటాయి. ఆ అంకె చూసి కొనకండి. చాలావాటికి ఉచిత ట్రయల్ ఉంటుంది, అది తీసుకుని మీకు బాగా వచ్చిన అంశం ఒకటి ఎంచుకుని పది ప్రశ్నలు చేయండి. రాని అంశం ఎంచుకుంటే వివరణ బాగుందో లేదో మీకే తెలియదు. వచ్చిన అంశంలో అయితే తప్పు ఇట్టే దొరుకుతుంది.

ఆ పదింటి వివరణలు చదివేటప్పుడు నేను చూసేది ముఖ్యంగా ఒకటే: మిగతా ఆప్షన్లు ఎందుకు తప్పో చెప్పారా? 'సరైన జవాబు సి, ఎందుకంటే అది సరైనది' అన్నట్టు రెండు లైన్లతో సరిపెట్టేవి డబ్బు దండగ. బాగా రాసిన వివరణ ఒక ప్రశ్నతో నాలుగు ప్రశ్నల పాఠం చెబుతుంది. తర్వాత ఎక్స్‌రేలు, నోటిలోపలి ఫొటోలు పెద్దవి చేసి చూస్తే స్పష్టంగా ఉన్నాయా, కేసు ప్రశ్నలు నిజంగా పేషెంట్ బాక్స్ రూపంలో ఉన్నాయా, లేక విడి ప్రశ్నకు ముందు పేషెంటు వయసు తగిలించి కేసు అంటున్నారా అన్నది చూడండి.

తాజాగా ఉంచుతున్నారో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. వెతికే పెట్టెలో క్లిండామైసిన్ అని కొట్టండి. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొర ఇన్ఫెక్షన్) ముందుజాగ్రత్తకు అదే సరైన జవాబుగా వస్తే ఆ బ్యాంకును 2021 తర్వాత ఎవరూ పట్టించుకోలేదన్నమాట. 'అగ్రెసివ్ పెరియోడాంటైటిస్' అని కొట్టినా విషయం బయటపడుతుంది.

రెండు బ్యాంకులు కొనాలా? చాలామందికి ఒక్కటి చాలు. మొదటిదాన్ని పూర్తిగా, వివరణలతో సహా చదివి, ఇంకా పరీక్షకు నెల పైనే ఉంటే అప్పుడు రెండోది నెలకు తీసుకోవచ్చు. అదే బ్యాంకు రెండోసారి చేసినప్పుడు 85 శాతం వస్తే పొంగిపోనక్కర్లేదు. అందులో ప్రశ్న గుర్తుండటం వల్ల వచ్చిన జవాబులు చాలా ఉంటాయి. మొదటిసారి చేసినప్పటి శాతమే నిజానికి దగ్గర.

ఇంకో మాట. ప్రశ్నలు చేస్తూ పోవడం సరదాగా ఉంటుంది, చదివినట్టూ అనిపిస్తుంది. రోజుకు 150 చేశామని లెక్క చెప్పుకోవడం కంటే 40 చేసి, తప్పిన ప్రతిదాని పక్కన 'ఎందుకు తప్పింది' అని ఒక్క లైను రాసుకోవడం మేలు. తెలియక తప్పిందా, తెలిసీ 'కానిది ఏది' అన్న మాట చూడక తప్పిందా, రెండిట్లో తేల్చుకోలేక తప్పిందా? మొదటిదానికి చదవాలి. రెండోదానికి నెమ్మదించాలి. మూడోదానికి మాత్రం ఆ రెండూ పక్కపక్కన పెట్టి తేడా రాసుకోవాలి. ఉదాహరణకు అమెలోబ్లాస్టోమా అనే కణితి, ఓకేసీ (ఓడాంటోజెనిక్ కెరాటోసిస్ట్) అనే తిత్తి రెండూ కింది దవడ వెనక భాగంలో వస్తాయి, ఎక్స్‌రేలో రెండూ పలు గదులుగా కనపడొచ్చు. ఓకేసీ ఎముకను ఉబ్బించకుండా పొడవునా పాకుతుంది, అమెలోబ్లాస్టోమా దవడను బయటికి తోస్తుంది. ఇలాంటి జంటలు ఓ యాభై కూడితే అదే మీ నోట్సు.

వీడియోలు, కోచింగ్

చదువు ముగిసి పదేళ్లు దాటినవాళ్లకు, రోజూ క్లినిక్‌లో పళ్లు తీస్తున్నా బేసిక్ సైన్సులు పూర్తిగా మరచిపోయినవాళ్లకు నేను చెప్పిన క్రమం నేరుగా నప్పదు. మొదటి రోజే ప్రశ్నల్లో దిగితే పదిలో మూడు వస్తాయి, మనసు విరిగిపోతుంది. వాళ్లు మొదటి నాలుగైదు వారాలు వీడియోలతో మొదలుపెట్టి, ఒక సబ్జెక్టు వీడియోలు అవగానే ఆ సబ్జెక్టు ప్రశ్నలు చేయడం మంచిది. అన్ని వీడియోలూ అయ్యాక ప్రశ్నలు మొదలుపెడదామనుకుంటే మొదట చూసినవి అప్పటికి ఆవిరైపోతాయి.

వీడియో బాగా పనికొచ్చేది కదలిక, మార్గం ఉన్న పాఠాలకు. అటానమిక్ మందులు, రక్తం గడ్డకట్టే క్రమం, ఆర్థోలో పన్ను కదిలే తీరు, నరాల దారులు. ఓరల్ పాథాలజీకి వీడియో కంటే బొమ్మల మీద ప్రశ్నలే మేలు. మెటీరియల్స్‌కు పట్టిక చాలు. ఉచితంగా దొరికే వీడియోల్లో కూడా మంచివి ఉన్నాయి కాబట్టి, డబ్బు పరిమితంగా ఉంటే దాన్ని ప్రశ్నల బ్యాంకు మీద పెట్టి వీడియోలు ఉచితంగా చూడటం నా లెక్క ప్రకారం సరైన పంపకం.

లైవ్ కోచింగ్‌లో కొత్తగా చెప్పే విషయం ఏమీ ఉండదు. అక్కడ కొనుక్కునేది క్రమశిక్షణ. వారానికి ఇన్ని పాఠాలు, శనివారం టెస్టు, ఎగ్గొడితే అడిగే మనిషి. ఒంటరిగా కూర్చుంటే పుస్తకం తెరవనివాళ్లకు అది ఖరీదు చేసే వస్తువే. తమంతట తామే చదవగలిగేవాళ్లు చేరితే బోధన వేగం తమకు సరిపడక విసుగొస్తుంది. చేరే ముందు అడగాల్సిన ప్రశ్న ఫీజు గురించి మాత్రమే కాదు: క్లాసు నిజంగా లైవా, లేక రికార్డు చేసింది ఫలానా టైముకు వేస్తున్నారా? సందేహానికి జవాబిచ్చేది పాఠం చెప్పినవాళ్లా, వేరే ఎవరైనానా? 'గ్యారంటీగా పాస్' అని రాసి ఉంటే కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవండి. చాలావరకు ఆ గ్యారంటీ అంటే తప్పితే మళ్లీ ఉచితంగా చూడనిస్తామనే.

కార్డుల విషయం త్వరగా ముగిస్తాను. ఆంకీ లాంటి యాప్‌లో ఇతరులు చేసిన వేల కార్డులు దింపుకుంటే రోజూ వాటి బకాయి తీర్చడమే పనవుతుంది. తప్పిన ప్రశ్నల నుంచి మీరే చేసుకున్న మూడు నాలుగు వందలు మేలు. అవి కూడా అచ్చంగా గుర్తుంచుకోవాల్సినవాటికే: సిండ్రోములు, పళ్లు వచ్చే వయసులు, మందుల మోతాదులు. మోతాదు అంకె గుర్తున్నంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఎపినెఫ్రిన్ పరిమితి 0.04 మి.గ్రా. అని కార్డు చెబుతుంది. 1:1,00,000 పాళ్లలో ఉన్న 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 0.018 మి.గ్రా. ఉంటుంది కాబట్టి రెండు కార్ట్రిడ్జ్‌లు దాటకూడదని మాత్రం మీరే కాగితం మీద వేసుకోవాలి. అదే 1:50,000 అయితే ఒక్కటే.

ఇక గ్రూప్ స్టడీ. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి ఒక కేసు తీసుకుని, నేను ఈ జవాబు ఎందుకు పెట్టానో చెప్పుకుంటే చాలా లాభం. వందమంది ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ తప్ప ఇంకేదీ పంచుకోరు.

బయట చదివినవాళ్లు విడిగా చేయాల్సినవి

బీడీఎస్‌లో మనకు అలవాటైనది పళ్లను గుర్తించే ఎఫ్‌డీఐ అంకెలు. అమెరికాలో యూనివర్సల్ పద్ధతి: పై కుడి జ్ఞానదంతం 1, పై ఎడమది 16, కింది ఎడమది 17, కింది కుడిది 32. మనం 14 అనగానే పై కుడి మొదటి ప్రీమోలార్ కళ్ల ముందు మెదులుతుంది. అక్కడ 14 అంటే పై ఎడమ మొదటి మోలార్. పాలపళ్లకు ఏ నుంచి టీ వరకు అక్షరాలు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, 63 సెకన్లలో ఏడెనిమిది అనువాదానికే పోతే ఆ విభాగం చివరికి చేరేసరికి పది ప్రశ్నలు మిగిలిపోతాయి. మొదటి రోజు నుంచే ఎఫ్‌డీఐ మానేసి, క్లినిక్‌లో పనిచేస్తుంటే అక్కడ కూడా మనసులో యూనివర్సల్ అంకె అనుకోవడం మంచిది. మందుల పేర్లూ అంతే: పారాసెటమాల్ అక్కడ అసెటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, లిగ్నోకెయిన్ లిడోకెయిన్.

ఇక ఆ 22 శాతం. దీనికి వీడియో కోర్సులు ఇచ్చేది చాలా తక్కువ, పాత నోట్సులో దాదాపు ఉండదు. అందుకే ప్రశ్నల బ్యాంకు ఎంచుకునేటప్పుడు ఈ భాగంలో ఎన్ని ప్రశ్నలున్నాయో ప్రత్యేకంగా చూడండి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నీతి నియమావళిలోని ఐదు సూత్రాలు, పేషెంట్ ఆటానమీ (పేషెంటు నిర్ణయ స్వేచ్ఛ), నాన్‌మాలెఫిసెన్స్ (హాని చేయకపోవడం), బెనిఫిసెన్స్ (మేలు చేయడం), జస్టిస్ (న్యాయం), వెరాసిటీ (నిజాయితీ), పేర్లు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. ఇచ్చిన సన్నివేశంలో ఏది దెబ్బతిన్నదో గుర్తించడానికే సాధన కావాలి. బాగానే ఉన్న సిల్వర్ ఫిల్లింగులను 'విషం' అని చెప్పి మార్పించిన డాక్టరు ఏది తప్పారు? అబద్ధం చెప్పారు కాబట్టి వెరాసిటీ. పేషెంటుకు హాని జరిగింది కదా అని నాన్‌మాలెఫిసెన్స్ పెట్టబుద్ధవుతుంది, అక్కడే కాసేపు ఆగాలి. పిల్లవాడి ఒంటి మీద వేర్వేరు వయసుల కమిలిన మచ్చలు కనపడితే అనుమానం చాలు, అధికారులకు తెలియజేయడం డెంటిస్టు చట్టబద్ధమైన బాధ్యత. తల్లిదండ్రులతో మాట్లాడి సర్దిచెప్పే జవాబు మన అలవాటుకు పెద్దమనిషి తరహాలా అనిపిస్తుంది. అది తప్పు జవాబు.

ఒక టెస్టు జబ్బును ఎంత సరిగ్గా తేలుస్తుందో చెప్పే సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ లాంటి లెక్కలకు భయపడి వదిలేసేవాళ్లున్నారు. నాలుగు గడుల పట్టిక వేయడం వస్తే ఇంత సులువుగా మార్కులిచ్చే భాగం ఇంకోటి లేదు. ఒక ఆదివారం చాలు.

ఎవరికి ఏది

కొత్తగా పాసై, ఇంటర్న్‌షిప్ ఇప్పుడే ముగిసినవాళ్లకు: నేరుగా ప్రశ్నల బ్యాంకు. పూర్తి సమయం కూర్చోగలిగితే మూడు నెలలు చాలు, అంతకంటే సాగదీస్తే మొదట చదివింది మరుగున పడుతుంది. ఉద్యోగం చేస్తూ రోజుకు రెండు గంటలే దొరికేవాళ్లు ఆరు నెలలు పెట్టుకోండి. కానీ వారంలో ఒక పూట మాత్రం కదలకుండా మూడు గంటలు కూర్చునే ఏర్పాటు చూసుకోండి. ముక్కలు ముక్కలుగా చదివినవాళ్లకు పరీక్ష హాల్లో మూడో విభాగంలో ఏకాగ్రత పోతుంది, విషయం తెలిసినా.

ఎండీఎస్ చేసినవాళ్ల పరిస్థితి వేరు. ఆర్థో చేసినవాళ్లకు ఆర్థో ప్రశ్నలు అన్నం తిన్నంత తేలిక, ఫార్మకాలజీ మాత్రం గుర్తుండదు. వీళ్లు పూర్తి కోర్సు కొంటే సగం వృథా. మొదట బ్యాంకులో సబ్జెక్టుకు ముప్పయ్యేసి ప్రశ్నలు చేసి, అట్టడుగున తేలిన మూడు సబ్జెక్టులకే వీడియోలు చూస్తే సరిపోతుంది. సొంత సబ్జెక్టులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ప్రశ్న జనరల్ డెంటిస్టును ఉద్దేశించింది. మీకు తెలిసిన అరుదైన మినహాయింపు గుర్తొచ్చి మామూలు జవాబు వదిలేస్తారు.

ఒకసారి తప్పినవాళ్లు అదే బ్యాంకు మళ్లీ మొదటినుంచి చేయకండి. ఫలితంతో వచ్చిన వివరంలో ఏ భాగం బలహీనమో చూసి, వేరే బ్యాంకు తీసుకోండి. ఐదేళ్లు లేదా ఐదు ప్రయత్నాలు, ఏది ముందైతే ఆ లోపు పాసవ్వాలన్న నియమం ఉంది కాబట్టి 'ఊరికే ఒకసారి రాసి చూద్దాం' అని ప్రయత్నం ఖర్చు చేయడం తెలివైన పని అనిపించదు.

మాక్ టెస్టు, రెండు రోజుల మధ్య ఎడం

మాక్ టెస్టులు ఎన్ని రాయాలన్న దాని మీద వాదనలు అక్కర్లేదు. పూర్తి నిడివిలో కనీసం ఒకటి, వీలైతే రెండు, ఉదయం పరీక్ష మొదలయ్యే సమయానికే మొదలుపెట్టి, విరామాలు కూడా అంతే ఇచ్చుకుని రాయండి. జేసీఎన్‌డీఈ తానే విడుదల చేసిన నమూనా ప్రశ్నలు ఉన్నాయి. వాటిని మొదట్లోనే ఆత్రంగా చేసేయకుండా ఒకసారి తీరు చూసి పక్కన పెట్టి, చివరి రెండు వారాల్లో శ్రద్ధగా చేయండి. అసలు పరీక్ష రాసేవాళ్లు ప్రశ్న ఎంత పొడవు పెడతారు, ఆప్షన్లు ఎలా రాస్తారు అన్నది వాటిలో తెలిసినంతగా ఏ ప్రైవేటు బ్యాంకులోనూ తెలియదు.

రెండో రోజు పరీక్షను మొదటి రోజు తర్వాత ఏడు రోజుల్లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. వెంటనే మర్నాడు రాయాలా, ఎడం తీసుకోవాలా? మొదటి రోజు ఎనిమిది గంటల పైచిలుకు కూర్చున్నాక ఒళ్లు హూనమవుతుంది. ఒక రోజు విరామం నాకు సరైనదిగా తోస్తుంది: నిద్ర పడుతుంది, నాలుగైదు కేసులు తిరగేయొచ్చు. ఐదారు రోజులు తీసుకుంటే మొదటి రోజు జవాబులు తలుచుకుని, తప్పులు వెతుక్కుని దిగాలు పడటానికే ఆ సమయం పోతుంది. సెంటరు వేరే ఊళ్లో ఉండి హోటల్లో దిగాల్సి వస్తే మాత్రం ఖర్చు చూసుకుని మర్నాడే రాసేయండి. రెండో రోజు ఒక పూట పనే.

తేదీ ఎంచుకునే ముందు మీ పేరు ఒకసారి చూసుకోండి. మన డిగ్రీ సర్టిఫికెట్ల మీద ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి పెళ్లయ్యాక మారి ఉంటుంది. డెంట్‌పిన్ (పరీక్షకు నమోదయ్యే గుర్తింపు నంబరు) తీసుకున్నప్పుడు రాసిన పేరు, పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డు మీది పేరు అచ్చంగా ఒకటే కావాలి. ఈసీఈ (విదేశీ డిగ్రీలను పరిశీలించే సంస్థ) నుంచి డిగ్రీ మూల్యాంకన రిపోర్టు తెప్పించుకునేటప్పుడే ఈ తేడాలు సరిచేయించుకుంటే, చదువు అయిపోయి సీటు బుక్ చేసుకోబోయే వారంలో యూనివర్సిటీ చుట్టూ తిరిగే పని తప్పుతుంది.